మన ఎండకు భయపడి బరువెక్కిన ఓడ

1930 అక్టోబర్ 4, శనివారం. చీకటి పడింది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పక్కనున్న కార్డింగ్టన్ ఊరి బయట, తడిసిన గడ్డి మైదానంలో నిలబడి ఉన్నారు మీరు. సన్నగా వాన. నైరుతి నుంచి గాలి కొడుతోంది. మైదానం చుట్టూ వందల మోటారు కార్లు ఆగి ఉన్నాయి. వాటి లైట్ల వెలుగులో జనమంతా తలలెత్తి ఒకే వైపు చూస్తున్నారు. మీరూ చూడండి.

200 అడుగుల ఇనుప స్తంభం. దాని కొసన ముక్కు తగిలించుకుని గాలిలో ఉంది ఆర్101 ఎయిర్‌షిప్. పొడవు 777 అడుగులు. మన శ్రీకాకుళం జిల్లా కంచిలి స్టేషన్లో పది బోగీల బండి ఆగితే, ఇంజన్ వదిలేసి, ఎంత పొడవుంటుందో అంత. ఆ బండి పట్టాల మీంచి లేచిపోయి, ముక్కు దగ్గర ఒక్కచోటే పట్టు పెట్టుకుని, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతోందనుకోండి. అప్పటికి ప్రపంచంలో ఎగిరే వస్తువుల్లో ఇంతకంటే పెద్దది లేదు.

ఇది వెళ్లేది మన దేశానికే. మధ్యలో ఈజిప్టులోని ఇస్మాయిలియా దగ్గర ఒక మజిలీ, అక్కడి నుంచి, అప్పటికి ఇండియాలోనే ఉన్న కరాచీ. కరాచీలో దీనికోసం ఇలాంటిదే ఒక స్తంభం, దాదాపు 850 అడుగుల పొడవున్న షెడ్డు కట్టి ఉంచారు. ఓడలో లండన్ నుంచి బొంబాయి రావడానికి రెండు వారాలకు పైగా పట్టే రోజుల్లో, ఇది నాలుగైదు రోజుల్లో దింపుతానంటోంది.

రండి, ఎక్కుదాం.

స్తంభం మొదట్లో ఒకాయన చెయ్యి చాపుతాడు. జేబులో అగ్గిపెట్టె ఉంటే ఇచ్చేయాలి. లార్డులకైనా ఇదే రూలు. లిఫ్టు పైకి తీసుకెళుతుంది. స్తంభం కొసన గాలి చెవుల్లో హోరుమంటోంది. చిన్న వంతెన మీద నాలుగడుగులు వేస్తే ఓడ ముక్కులోకి వచ్చేశారు. అక్కడి నుంచి ఇరుకు దారి, నేల మీద సన్నటి చెక్క, రెండు పక్కలా ఉక్కు, డ్యురాల్యుమిన్ కమ్మీలు. తలెత్తితే పైన చీకట్లో ఏదో ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతుంది. అవి గ్యాస్ సంచులు, మొత్తం 17. వాటిల్లో హైడ్రోజన్, 55 లక్షల ఘనపుటడుగులు.

ఒక సంచిని చేత్తో తాకి చూడండి. సన్నగా, జిగటగా, నూనె కాగితం పట్టుకున్నట్టు ఉంటుంది. ఎద్దు పేగులోని పొర అది. హైడ్రోజన్‌ను ఆపి ఉంచేంత తేలికైన సరుకు అప్పట్లో ఇంకోటి లేదు. ఒక్కో పశువు నుంచి వచ్చేది చిన్న ముక్క, అలాంటివి లక్షల్లో తెచ్చి, కడిగి, ఆడవాళ్లు చేత్తో నూలుగుడ్డ మీద అతికించారు. ఇండియాకు నడపబోయే ఓడను ఎద్దు పేగులతో నింపారు! 1857లో తూటాల కొవ్వు దగ్గర ఏం జరిగిందో ఆ ఆఫీసుల్లో ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

ఇరుకు దారి దాటగానే ఒక్కసారిగా హాలు. 60 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు. తెల్లటి స్తంభాలకు బంగారు రంగు అంచులు, పేము కుర్చీలు, కుండీల్లో మొక్కలు. స్తంభాన్ని వేలితో కొట్టి చూడండి, బోలు చప్పుడు వస్తుంది. గోడలు గుడ్డవి. పక్క గదిలో మనిషి దగ్గితే మీ గదిలో వినిపిస్తుంది. కింది అంతస్తులో 24 మంది కూర్చునే సిగరెట్ గది ఉంది, దానికి చుట్టూ ఆస్‌బెస్టాస్ తొడిగారు. లక్షల ఘనపుటడుగుల హైడ్రోజన్ కింద కూర్చుని చుట్ట కాల్చుకోవచ్చన్నమాట. ధైర్యమనాలో ఇంకేమనాలో మీరే చెప్పండి.

ఇవాళ ఓడలో 54 మంది. అందులో 42 మంది సిబ్బంది, ఆరుగురు కార్డింగ్టన్ అధికారులు, ఆరుగురు ప్రయాణికులు. టికెట్ కొన్నవాళ్లు ఒక్కరూ లేరు. అదిగో, పొడవుగా ఉన్న ఆయన విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్. పుట్టింది మన నాసిక్‌లో, 1875లో. వైస్రాయి పదవి మీద కన్నుందని లండన్‌లో చెప్పుకునేవారు. ఆయన సామాన్లలో ఒక తివాచీ కూడా ఎక్కింది, విందుల్లో పరచడానికి. కంటికి ఒంటి అద్దం పెట్టుకున్నాయన పౌర విమానయాన డైరెక్టర్ సెఫ్టన్ బ్రాంకర్. ఇండియా సర్కారు తరఫున పౌర విమానయాన డిప్యూటీ డైరెక్టర్ ఓనీల్ ఉన్నాడు. ఇండియా ప్రతినిధే గానీ భారతీయుడు కాదు. 54 మందిలో మనవాడు ఒక్కడూ లేడు.

హాల్లోంచి వెళుతున్న ఆ మేజర్ స్కాట్‌ను కాస్త ఆగి చూడండి. 1919 జూలైలో ఆర్34ను స్కాట్లండ్ నుంచి న్యూయార్క్ దాకా 108 గంటల 12 నిమిషాల్లో నడిపినవాడు ఇతనే. తూర్పు నుంచి పడమటికి అట్లాంటిక్‌ను ఆకాశంలో దాటడం అదే మొదలు. ఆ ఓడలో బాలంటైన్ అనే సిబ్బంది కుర్రాడు, తనను తీసుకెళ్లనన్నారని దొంగతనంగా దాక్కుని వచ్చాడు. వాడితోపాటు ఒక పిల్లి. ఆ తర్వాత 1921లో 50 మంది ప్రయాణికులు పట్టేలా ఆర్36ను తయారు చేశారు. అది కొన్నాళ్లు ఎగిరి, ఆస్కాట్ గుర్రప్పందేల దగ్గర పోలీసులకు ట్రాఫిక్ చూపించి, దెబ్బతిని మూలపడింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్38 హల్ నగరం మీద రెండు ముక్కలై 44 మంది చనిపోయారు. ఇంత జరిగినా 1924లో బ్రిటిష్ సర్కారు మళ్లీ రెండు పెద్ద ఓడలకు పూనుకుంది. ఆర్100ను ప్రైవేటు కంపెనీకి అప్పగించింది, ఆర్101ను తనే కట్టింది. అదే ఇది.

దీని కథలో మనకు సంబంధించిన ముక్క ఇంజన్ల దగ్గర ఉంది. మన ఉడ్డానం ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఇంగ్లండు ఇంజనీర్లకు మన ఎండంటే హడల్. వేడి దేశంలో పెట్రోల్ ఆవిరై నిప్పంటుకుంటుందని భయపడి, ఆర్101కు డీజిల్ ఇంజన్లు పెట్టించారు. బియర్డ్‌మోర్ టోర్నడోలు, మొత్తం ఐదు. ఒక్కోటి రెండు టన్నుల పైన తూగుతుంది. ఒక్కోటి 700 గుర్రాల శక్తి ఇస్తుందనుకుంటే 585 దగ్గరే ఆగింది. వింతేమిటంటే, ఆ డీజిల్ ఇంజన్లను స్టార్ట్ చేయడానికి చిన్న పెట్రోల్ ఇంజన్లు బిగించారు! అంతకు ముందైతే ఐదింటిలో ఒకదాన్ని వెనక్కి నడవడానికి మాత్రమే ఉంచారు. ఆ పని స్తంభం దగ్గర కాసేపే ఉంటుంది. మిగతా దారంతా అది ఉత్త బరువు. తర్వాత సర్దారనుకోండి.

ఎండతో ఇంకో చిక్కుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలి ఓడను తక్కువ లేపుతుంది. ఇంగ్లండు చలిలో 160 టన్నుల పైచిలుకు మోసే ఇదే ఓడ, 35 డిగ్రీల ఎండలో నూటికి ఆరేడు పాళ్లు తక్కువ మోస్తుంది. అంటే పది టన్నులు గల్లంతు. అసలే దీనికి సొంత బరువు ఎక్కువ. ఇంధనానికి, సరుకులకు, మనుషులకు కలిపి 60 టన్నులు మిగలాలని లెక్క వేస్తే, 1929లో తూచినప్పుడు 35 టన్నులే మిగిలాయి. దాంతో ఓడను నడిమికి కోసి, ఒక కొత్త గది, దాంతో ఇంకో గ్యాస్ సంచీ చేర్చారు. సంచుల్ని కట్టిన తాళ్లు వదులు చేసి ఇంకాస్త గ్యాస్ పట్టించారు. 49 టన్నులకు వచ్చింది. అయితే సంచులు ఉబ్బి కమ్మీలకు రాసుకోవడం మొదలైంది. వేల చోట్ల గుడ్డ చుట్టి మెత్తలు పెట్టారు. కార్డింగ్టన్ ఇన్‌స్పెక్టర్ మెక్‌వేడ్ ఈ జూలై 3న పై అధికారులకు ఉత్తరం రాశాడు: ఈ మెత్తలతో పని జరగదు, ఎగరడానికి అనుమతి పొడిగించమని నేను సిఫారసు చేయలేను అని. ఆ కాగితం పైదాకా వెళ్లలేదు.

పెట్రోల్ ఇంజన్లున్న ఆర్100 సంగతి చూడండి. దాన్ని ఎండ దేశానికి పంపరాదని కెనడాకు మార్చారు. జూలై 29న బయల్దేరి 78 గంటల్లో మాంట్రియల్ చేరింది, ఆగస్టులో క్షేమంగా తిరిగొచ్చింది. ఎండకు భయపడి డీజిల్ మోసినది మాత్రం ఇవాళ బయల్దేరుతోంది. మార్చిన తర్వాత దీన్ని పరీక్షించింది ఒక్కసారే, మొన్న, పదహారు పదిహేడు గంటలు. అప్పుడు కూడా ఒక ఇంజన్ ఆయిల్ కూలర్ పాడై, పూర్తి వేగంతో నడిపి చూడనే లేదు. ఎగరడానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది ఇవాళే. ఈ తొందరంతా దేనికి? లండన్‌లో సామ్రాజ్య సమావేశం జరుగుతోంది. థామ్సన్ ఇండియా వెళ్లొచ్చి 20వ తేదీకల్లా అక్కడ కూర్చోవాలి.

6 గంటల 36 నిమిషాలు, గ్రీనిచ్ సమయం. కంచిలిలో అర్ధరాత్రి దాటింది. స్తంభం పట్టు వదిలింది. ఓడ లేవదు. ముక్కు కిందికి వాలుతోంది. కెప్టెన్ ఇర్విన్ ముందున్న నీళ్ల తొట్లు విప్పమన్నాడు. నాలుగు టన్నుల నీళ్లు మైదానంలోకి ధబ్బుమన్నాక కానీ పైకి కదల్లేదు. ఆపదలో వదలాల్సిన నీళ్లు బయల్దేరేటప్పుడే పోయాయి. కిటికీలోంచి చూస్తే కార్ల లైట్లు వెనక్కి జారిపోతున్నాయి. హారన్లు వినిపిస్తున్నాయి.

అక్టోబర్ గాలి ఎలాంటిదో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం తాకినప్పుడు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కొబ్బరి, జీడి తోటలు పడుకున్నది చూసినవాళ్లు మీరు. వాయుగుండం కబురు రాగానే బోట్లు ఒడ్డుకు లాగడం ఉడ్డానంలో చిన్నపిల్లాడికీ తెలుసు. ఈ ఓడలోనూ వాతావరణం తెలిసినవాడున్నాడు. గిబ్లెట్, ఇండియా దారిలో గాలుల లెక్కలు ఏళ్ల తరబడి కట్టినవాడు. బయల్దేరాక వచ్చిన కబురు ఏమిటంటే, ఉత్తర ఫ్రాన్స్ మీద గంటకు 40, 50 మైళ్ల గాలి. ఈ ఓడ మామూలు వేగమే 60 మైళ్లకు అటూ ఇటూ. ఎదురు గాలిలో ఎంత సాగుతుందో మీరే లెక్క వేసుకోండి. వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు.

ఎనిమిదింటికి లండన్ లైట్లు. తొమ్మిదిన్నర దాటాక హేస్టింగ్స్ దగ్గర సముద్రం మీదికి వచ్చాం. వెనక ఇంజన్ ఒకటి ఆయిల్ ఒత్తిడి పడిపోయి ఆగింది. లీచ్ అనే ఫోర్‌మన్, ఇంకొందరూ ఇంజన్ గదిలో ఒకరి మీద ఒకరు పడుతూ బాగు చేస్తున్నారు. కింద నల్లటి నీళ్లు, నురగ. ఓడ ఒకసారి ఎంత కిందికి దిగిందంటే అలల చప్పుడు వినిపిస్తోంది. 11:36కు ఫ్రాన్స్ తీరం కనబడింది. రాత్రి భోజనం అయింది, పెద్దలు ఆఖరి చుట్ట కాల్చి పడుకున్నారని వైర్‌లెస్‌లో కార్డింగ్టన్‌కు కబురు వెళ్లింది.

పెద్దలు పడుకున్నారు గనుక మనం కాస్త ఇటు చూద్దాం. ఈ అక్టోబర్లో కంచిలి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా ఊరు. గాంధీ ఎరవాడ జైల్లో ఉన్నాడు, ఉప్పు సత్యాగ్రహం ఏడాది ఇది. టెక్కలి పక్కన నౌపడ ఉప్పు మళ్ల మీద పెత్తనం సర్కారుదే. ఈ తీరపు జనానికి తెలిసిన దూరప్రయాణం రంగూన్. గోపాల్‌పూర్ నుంచి స్టీమరు డెక్కు మీద, మూటలతో సహా, ఎండలో వానలో వెళ్లడం. ఈ మే నెలలోనే రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద పెద్ద అల్లరి జరిగి చాలామంది ప్రాణాలు పోయాయి. ఆర్101ను వంద మంది ప్రయాణికులను మోసేలా తలపెట్టారు. ఈ లెక్కల్లో రంగూన్ డెక్కు జనం ఎక్కడా లేరు. ఇది సామ్రాజ్యాన్ని దగ్గరకు లాగి కట్టడానికి పేనిన తాడు. మన బరువు మోయడానికి చేసింది కాదు.

రెండు గంటలు. బోవే ఊరి దగ్గర గుట్టల మీద ఉన్నాం. సిబ్బంది డ్యూటీ మారుతోంది. వెనక ఇంజన్ గదిలో బెల్ డ్యూటీ దిగాలి, బింక్స్ ఎక్కాలి. బింక్స్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. బెల్ విసుక్కున్నాడు. ఆ చిన్న ఇనుప గదిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఇంజన్ సంగతి మాట్లాడుకుంటున్నారు. లీచ్ సిగరెట్ గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

ముక్కు కిందికి వంగింది. బల్ల మీది గ్లాసులు, సోడా సీసా జారి గోడకు తగిలాయి. లీచ్ లేచి ఏరి పైన పెట్టాడు. ఓడ మళ్లీ సరిగా నిలబడింది. ఊపిరి పీల్చుకున్నారా? అంతే. మళ్లీ వంగింది. ఇంజన్లు నెమ్మదించమని గంటలు మోగుతున్నాయి. పై గుడ్డ ముందు భాగంలో చిరిగి, లోపలి సంచులు గాలి దెబ్బకు గ్యాస్ వదిలేసి ఉంటాయని తర్వాత విచారణలో తేల్చారు. సిబ్బంది పడకల మధ్య నుంచి నడుస్తూ చీఫ్ కాక్సన్ హంట్, పడిపోయాం అబ్బాయిలూ అని చెప్పాడు.

నేల మీద, అలోన్ ఊరి అడవి అంచున, రబూయ్ అనే ఆయన దొంగచాటుగా కుందేళ్లకు ఉచ్చులు వేస్తున్నాడు. చెట్ల మీంచి లైట్ల వరుస ఒకటి తన మీదికి దిగి రావడం ఆయన చూశాడు. 2:09. ముక్కు నేలకు తాకింది, పెద్ద దెబ్బ కూడా కాదు. ఓ క్షణం ఏమీ లేదు. తర్వాత మంట. ఒకదాని వెనక ఒకటి గ్యాస్ సంచులు అంటుకున్నాయి. రబూయ్ పరుగు లంకించుకున్నాడు.

సిగరెట్ గది పైకప్పు లీచ్ నెత్తి మీదికి కుంగింది. గోడ గుడ్డదీ రేకుదీ కనుక బద్దలు కొట్టుకుని బయట పడ్డాడు. వైర్‌లెస్ ఆపరేటర్ డిస్లీని వెతుకుతూ మళ్లీ మంటలోకి వెళ్లి లాక్కొచ్చాడు. వెనక ఇంజన్ గది చుట్టూ మంటలే. బెల్, బింక్స్ ఇక అయిపోయామనుకున్నారు. పైనున్న నీళ్ల తొట్టి పగిలి ఇద్దరినీ తడిపేసింది. తడి బట్టలతో మంటలోంచి నడిచొచ్చారు. కార్డింగ్టన్లో నేల మీద పారబోయగా మిగిలిన నీళ్లు ఇవి. 46 మంది అక్కడే, ఇద్దరు ఆస్పత్రిలో. మొత్తం 48. బతికింది ఆరుగురు. థామ్సన్, బ్రాంకర్, స్కాట్, ఇర్విన్, గిబ్లెట్, ఓనీల్, ఎవరూ మిగల్లేదు. కంచిలిలో అప్పుడు ఆదివారం ఉదయం 7:39.

విచారణకు కూర్చున్నాయన పేరు వింటే మీరు ఉలిక్కిపడతారు. సర్ జాన్ సైమన్. రెండున్నరేళ్ల క్రితం, 1928 ఫిబ్రవరిలో, ఏ సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసు వీధిలో టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకీలకు గుండె చూపించాడో, ఆ సైమనే. 1931లో రిపోర్టు ఇచ్చాడు. గ్యాస్ పోవడమే కారణమని, చాలినన్ని పరీక్షలు లేకుండా పంపడం వెనక రాజకీయ తొందర ఉందని మర్యాదగా రాశాడు. నా మాట అంత మర్యాదగా ఉండదు. గాలి ఆ ఓడను పడగొట్టే ముందే ఒక మంత్రిగారి డైరీలో ఒక తేదీ దాన్ని పడగొట్టింది.

ఆ తర్వాత బ్రిటిష్ సర్కారు ఇలాంటి పెద్ద ఎయిర్‌షిప్‌లు కట్టే జోలికి పోలేదు. కెనడా వెళ్లొచ్చిన ఆర్100ను విప్పి, రోడ్డు రోలరు కింద తొక్కించి, 600 పౌన్ల లోపే తుక్కు కింద అమ్మేశారు. దాన్ని రూపుదిద్దిన బార్న్స్ వాలిస్ ఆ అల్లిక చట్రం ఆలోచనలతోనే వెల్లింగ్టన్ బాంబరు గీశాడు. దాని లెక్కలు చూసిన నెవిల్ ష్యూట్ నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. కరాచీ షెడ్డులోకి ఒక్క ఎయిర్‌షిప్ కూడా రాలేదు. జనం దాన్ని కాలా ఛప్రా అన్నారు, 1960లలో విప్పేశారు. కరాచీ నుంచి ఇటు ఆకాశంలో టపా తెచ్చింది చివరికి ఒక బుల్లి విమానం. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ విమానంలో బొంబాయికి తెస్తే, అక్కడి నుంచి నెవిల్ వింటెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు.

గాలికంటే తేలికైన పడవలకు తెలుగు నేల మీద ఒక శాశ్వత కేంద్రం రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం 1969 నుంచి పెద్ద పాలిథీన్ బెలూన్లలో పరికరాలు కట్టి పైకి పంపుతోంది. వాటిల్లోనూ హైడ్రోజనే. 2005 ఏప్రిల్లో ఎగరేసిన ఒక బెలూన్ 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు, ఆర్101కు దాదాపు ఐదింతలు. 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టుకొస్తే, అందులో శాస్త్రవేత్తలకు మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. 2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఒక గుండ్రటి డబ్బా దిగి ఊరంతా పోగైంది గుర్తుందా? అది స్పెయిన్ కంపెనీ ఒకటి డబ్బులిచ్చే ప్రయాణికుల కోసం అప్పట్లో తయారు చేస్తున్న బెలూన్ గది. మనుషుల్లేకుండా పరీక్షించారు. పరీక్ష ముందు, మనుషులు తర్వాత. ఈ వరుస కార్డింగ్టన్లో తలకిందులైంది.

మన జిల్లా పిల్లలు ఇంగ్లండులో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఇప్పుడు చాలామంది. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి బెడ్‌ఫర్డ్‌కు రైలుంది, గంట లోపే. ఒక ఆదివారం కార్డింగ్టన్ వెళ్లండి. సెయింట్ మేరీ చర్చిలో ఆ ఓడ తోక మీద ఎగిరిన జెండా, కాలగా మిగిలింది, గోడకు ఉంది. రోడ్డు దాటితే శ్మశానంలో 48 మందికీ ఒకే సమాధి, మంత్రి పేరూ మెకానిక్ పేరూ ఒక్క రాతి మీదే. ఆ ఓడను కట్టిన షెడ్డు కూడా పక్కన ఇంకోదానితో కలిసి అక్కడే నిలబడి ఉంది. లోపలికి రానివ్వకపోయినా దిగులు లేదు, రోడ్డు మీంచే కనిపిస్తుంది.